ముఖద్వార స్క్రీనింగ్‌లో తేడా వస్తే

గర్భాశయ ముఖద్వార స్క్రీనింగ్‌లో తేడా ఉందని తేలిన స్త్రీలలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. కొందరికి క్యాన్సర్‌కు ముందు దశ మార్పులు ఉంటాయి. కొందరికి వైరస్ మాత్రమే ఉంటుంది, చాలాసార్లు అది దానంతటదే పోతుంది. ఇంకొందరికి మామూలు వాపు తప్ప మరేమీ ఉండదు. స్క్రీనింగ్ జల్లెడ లాంటిది. అనుమానం ఉన్నవాళ్లను వేరు చేస్తుంది గానీ జబ్బేమిటో తేల్చి చెప్పదు. ఆ పని తర్వాత భూతద్దంతో చూసే కాల్పోస్కోపీది, ముక్క పరీక్షది (బయాప్సీ). ఈ వరుస తెలియకపోవడం వల్ల రెండు తప్పులు జరుగుతుంటాయి. నొప్పీ బాధా లేవు కదా అని రిపోర్టును బీరువాలో పడేయడం ఒకటి. క్యాన్సర్ అన్న మాట చెవిన పడగానే గర్భసంచి తీయించేసుకోవడం రెండోది. తెలుగు రాష్ట్రాల్లో ఈ రెండో తప్పును తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

వైరస్ నుంచి క్యాన్సర్ దాకా

గర్భసంచి కింది కొన యోనిలోకి తెరుచుకునే చోటు ముఖద్వారం. దాని బయటి వైపు చదునైన కణాలు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. లోపలి కాలువలో జిగురు ఊరించే పొడవాటి గ్రంథి కణాలు ఒకే వరుసలో ఉంటాయి. ఈ రెండూ కలిసే హద్దు జీవితమంతా ఒకేచోట ఉండదు. యుక్తవయసులోనూ గర్భంతో ఉన్నప్పుడూ బయటికి జరుగుతుంది, ముట్లుడిగాక కాలువ లోపలికి పోతుంది. ఇలా జరిగే క్రమంలో గ్రంథి కణాల స్థానంలో చదును కణాలు వచ్చి చేరే పట్టీని పరివర్తన మండలం అంటారు. ముఖద్వార క్యాన్సర్లు దాదాపు అన్నీ ఇక్కడే మొదలవుతాయి. అందుకే ఏ పరీక్ష చేసినా ఈ పట్టీ అందిందా, కంటికి కనబడిందా అన్నది ముందు చూస్తారు.

క్యాన్సర్‌కు కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌజన్ బృందం ముఖద్వార క్యాన్సర్ గడ్డల నుంచి ఈ వైరస్ 16వ రకాన్ని 1983లో, 18వ రకాన్ని 1984లో వేరు చేసి చూపింది. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ వైరస్‌లో రెండు వందలకు పైగా రకాలున్నా, ముఖద్వారానికి ముప్పు తెచ్చేవి డజనుకు కాస్త అటూ ఇటూ. వాటిలోనూ 16, 18 రకాలే దాదాపు 70 శాతం క్యాన్సర్లకు మూలం.

లైంగిక జీవితం ఉన్న స్త్రీపురుషుల్లో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది. సోకిన పది మందిలో తొమ్మిది మందికి రెండేళ్లలోపు ఒంటి రక్షణ శక్తే దాన్ని అణిచేస్తుంది. పోకుండా ఏళ్ల తరబడి తిష్ఠ వేసిన వైరస్‌తోనే చిక్కు. అప్పుడు కూడా క్యాన్సర్ రావడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ వల్లనో మరో కారణం వల్లనో రక్షణ శక్తి తగ్గినవారిలో 5 నుంచి 10 ఏళ్లకే రావచ్చు. పొగ తాగే అలవాటు కూడా వైరస్‌కు కలిసొస్తుంది. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే ఉత్తరాంధ్ర తీర గ్రామాల స్త్రీలకు అంగిటి క్యాన్సర్ గురించి డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఆ చుట్ట మానడానికి ముఖద్వారం ఇంకో కారణం.

మూడు పరీక్షలు

మన ప్రభుత్వ కేంద్రాల్లో ఎక్కువగా చేసేది వీఐఏ. దీనికి ల్యాబ్ అక్కర్లేదు. శిక్షణ పొందిన నర్సు యోనిని తెరిచి ఉంచే స్పెక్యులమ్ పెట్టి, ముఖద్వారం మీది జిగురు తుడిచి, 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లంలో తడిపిన దూదిని అద్దుతుంది. ఘాటులో అది వంటింటి వెనిగర్ పాటిదే, కొంచెం చురుక్కుమంటుంది. ఒక నిమిషం ఆగి టార్చి వెలుతురులో చూస్తుంది. మారిన కణాల్లో కేంద్రకాలు పెద్దవి, ప్రోటీను ఎక్కువ. ఆమ్లం తగలగానే ఆ చోటు గట్టి అంచుతో తెల్లగా తేలుతుంది. కణాల హద్దుకు ఆనుకుని అలాంటి చిక్కని తెలుపు కనిపిస్తే ‘పాజిటివ్’ అని రాస్తారు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, పుండు మానుతున్నా పలుచటి తెలుపు వస్తుంది కాబట్టి ఈ పరీక్షలో ఉత్తుత్తి పాజిటివ్‌లు చాలానే ఉంటాయి. ముట్లుడిగిన వాళ్లలో చూడాల్సిన పట్టీ లోపలికి పోతుంది గనుక వీఐఏ వారికి అంతగా పనికిరాదు.

ఇంత సాదా పరీక్ష అయినా ప్రాణాలు కాపాడుతుందని రుజువైంది మన దేశంలోనే. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో వీఐఏతో ముఖద్వార క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో తేలింది. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆస్పత్రి ఆరోగ్య కార్యకర్తల చేత చేయించినప్పుడు 31 శాతం తగ్గాయి. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేల మందికి పైగా స్త్రీలను పరిశీలించిన అధ్యయనం 2009లో వెలువడింది. జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గుంపులో మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. ఇవన్నీ ఇక్కడ జరిగినా, 30 నుంచి 49 ఏళ్ల భారతీయ స్త్రీలలో ఈ స్క్రీనింగ్ ఎప్పుడైనా చేయించుకున్నవారు 2 శాతం లోపేనని 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా లక్షా ఇరవై ఏడు వేల మందికి ఈ క్యాన్సర్ వస్తోంది, దాదాపు 80 వేల మంది చనిపోతున్నారు.

రెండోది పాప్ స్మియర్. చిన్న బ్రష్షుతో ముఖద్వారం మీది కణాలను గీకి తీసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూస్తారు. పట్టణాల్లోని ప్రైవేటు ల్యాబుల్లో ఇదే వాడుక. మూడోది వైరస్ జన్యుపదార్థం కోసం వెతికే హెచ్‌పీవీ పరీక్ష. 2021 మార్గదర్శకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే మొదటి పరీక్షగా సూచించింది: 30 ఏళ్ల నుంచి, 5 నుంచి 10 ఏళ్లకోసారి. హెచ్‌ఐవీ ఉన్నవారు 25 నుంచే, 3 నుంచి 5 ఏళ్లకోసారి చేయించుకోవాలి. నమూనాను స్త్రీ తనంతట తానే తీసుకుని ఇవ్వవచ్చు. బల్ల మీద పడుకోవడానికి సిగ్గుపడి పరీక్షే మానేసేవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు.

రిపోర్టులోని పొడి అక్షరాలు

పాప్ స్మియర్ రిపోర్టులు 1988లో మొదలై తర్వాత సవరణలు పొందిన బెథెస్డా పద్ధతిలో ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ‘ఎన్‌ఐఎల్‌ఎం’. అనుమానించాల్సిన మార్పేదీ లేదని దీని భావం. మన ల్యాబులు దీని పక్కనే తరచుగా ‘ఇన్‌ఫ్లమేటరీ స్మియర్’ అని కూడా రాస్తాయి. వాపు కణాలు కనిపించాయని మాత్రమే దానర్థం. దుర్వాసనతో తెల్లబట్ట, దురద ఉంటే ఇన్‌ఫెక్షన్‌కు మందులు వాడాలి. ఏ ఇబ్బందీ లేకపోతే చాలామందికి అదీ అక్కర్లేదు. ఈ ఒక్క మాట చూసి నిద్ర పట్టని వాళ్లున్నారు, ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. నిజానికి అది నార్మల్ రిపోర్టే. ‘అన్‌శాటిస్‌ఫ్యాక్టరీ’ అని వస్తే కణాలు చాలలేదనో, రక్తం అడ్డొచ్చిందనో అర్థం. రెండు నుంచి నాలుగు నెలల్లో మళ్లీ నమూనా ఇవ్వాలి. దాన్ని నార్మల్‌గా లెక్క వేసుకోకూడదు.

తేడా ఉన్న ఫలితాల్లో అన్నిటికన్నా తేలికది ఏఎస్‌సీ-యూఎస్. కణాలు కాస్త వేరుగా ఉన్నాయి, ఎందుకో చెప్పలేం అని ల్యాబు ఒప్పుకోవడమే ఇది. దీనికి తోడుగా హెచ్‌పీవీ పరీక్ష చేస్తే దారి తేలుతుంది. వైరస్ లేకపోతే మూడేళ్ల తర్వాత మళ్లీ పరీక్ష సరిపోతుంది, ఉంటే కాల్పోస్కోపీ. ఎల్‌సిల్ అంటే స్వల్ప మార్పు. వైరస్ ఇప్పుడు చురుగ్గా ఉందనడానికి గుర్తు. దీనికీ సాధారణంగా కాల్పోస్కోపీ చేస్తారు గానీ, ఎక్కువ భాగం దానంతటదే సర్దుకుంటుంది. ఏఎస్‌సీ-హెచ్, హెచ్‌సిల్ (తీవ్ర మార్పు, లేదా దాని అనుమానం) అని ఉంటే మాత్రం జాప్యం తగదు. క్యాన్సర్‌కు ముందు దశ ఉండే అవకాశం గట్టిగా ఉంది కాబట్టి హెచ్‌పీవీ ఫలితంతో నిమిత్తం లేకుండా కాల్పోస్కోపీకి వెళ్లాలి. అరుదుగా వచ్చేది ఏజీసీ. గ్రంథి కణాల్లో తేడా అన్నమాట. చిక్కు ముఖద్వారం కాలువలో ఉండవచ్చు, గర్భసంచి లోపలి పొరలోనూ ఉండవచ్చు. అందుకని 35 ఏళ్లు దాటినవారికీ, అసహజ రక్తస్రావం ఉన్నవారికీ కాల్పోస్కోపీతోపాటు లోపలి పొర నుంచి కూడా ముక్క తీస్తారు.

హెచ్‌పీవీ పాజిటివ్ అని వస్తే మొదట చూడాల్సింది ఏ రకమన్నది. 16 లేదా 18 అయితే పాప్ నార్మల్‌గా ఉన్నా కాల్పోస్కోపీ చేస్తారు. మిగతా రకాలై, పాప్ నార్మల్ అయితే ఏడాది తర్వాత మళ్లీ పరీక్షిస్తారు. అప్పటికీ వైరస్ ఉంటే కాల్పోస్కోపీ. ఆ ఏడాదిలో వేసుకోవాల్సిన మాత్రలేవీ లేవు, ఈ వైరస్‌ను చంపే మందు లేదు. హెచ్‌పీవీ టీకా కూడా ముందే వేసుకుంటే కొత్త ఇన్‌ఫెక్షన్‌ను అడ్డుకుంటుందే తప్ప ఒంట్లో ఉన్నదాన్ని తరిమేయదు.

పాజిటివ్ రిపోర్టు ఇంట్లో ఇంకో రకం గొడవ తెస్తుంది. పేరు వినడానికి హెచ్‌ఐవీలా ఉండటంతో ముందు అక్కడే భయం. లైంగికంగా వస్తుందని తెలిశాక ఎవరి నుంచి వచ్చిందన్న అనుమానం. వైరస్ ఏళ్ల తరబడి బయటపడకుండా నిద్రాణంగా ఉండి, ఎప్పుడో పరీక్షలో కనిపించవచ్చు. పెళ్లయిన పాతికేళ్లకు పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇటీవల ఎవరో దారి తప్పారని రుజువైనట్టు కాదు. ఎప్పుడు సోకిందో, ఎవరి ద్వారా సోకిందో ఏ పరీక్షా చెప్పలేదు. భర్తకు పరీక్ష చేయించినా ఆమె చికిత్సలో మారేదేమీ ఉండదు.

కాల్పోస్కోపీ, ముక్క పరీక్ష

కాల్పోస్కోపు యోని బయటే ఉండే భూతద్దపు పరికరం. జర్మనీలో హాన్స్ హిన్‌జెల్‌మన్ 1925లో తయారు చేశాడు. పడుకునే తీరు, స్పెక్యులమ్ పాప్ పరీక్షలో లాగే. మత్తు అవసరం లేదు, పావుగంటలో అయిపోతుంది. ముట్టు రోజుల్లో కాకుండా చూసుకోవాలి. ముందు ఎసిటిక్ ఆమ్లం అద్ది తెల్లబడే చోట్లను, ఆ తెలుపులో సన్నని రక్తనాళాలు చుక్కల్లా ఉన్నాయా, గళ్లు గళ్లుగా ఉన్నాయా అని చూస్తారు. తర్వాత అయొడిన్ పూస్తారు. ఆరోగ్యంగా ఉన్న చదును కణాల్లో గ్లైకోజెన్ నిండుగా ఉంటుంది కాబట్టి అవి ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి. మారిన కణాల్లో అది ఉండదు, ఆ మేర ఆవపిండి పసుపులో మిగిలిపోతుంది. అనుమానం ఉన్న చోట్ల బియ్యపు గింజంత ముక్కలు రెండు మూడు కత్తిరించి తీస్తారు. ఆ క్షణం చురుక్కుమంటుంది, రెండు మూడు రోజులు కొద్దిగా రక్తం కనిపిస్తుంది. అయొడిన్ రంగు బట్టలకు అంటుతుంది కనుక ప్యాడ్ వెంట తీసుకెళ్లడం మంచిది.

ముక్క పరీక్షలో కనిపించిన పొర కణాల మార్పును సీఐఎన్ 1, 2, 3 అని రాస్తారు. పొర మందంలో మారిన కణాలు కింది మూడో వంతు వరకే ఉంటే 1, మూడింట రెండు వంతుల దాకా పాకితే 2, అంతకు మించితే 3. మూడూ క్యాన్సర్ కావు. పొర అడుగున ఉన్న గట్టును దాటి కణజాలంలోకి చొరబడితేనే క్యాన్సర్. సీఐఎన్ 1ని జబ్బు అనడం కన్నా వైరస్ సోకిన ఆనవాలు అనడం సబబు. చాలావరకు చికిత్స లేకుండానే పోతుంది, ఏడాదికోసారి పరీక్షిస్తూ ఉంటే చాలు. సీఐఎన్ 2 మధ్యస్థం. చికిత్స చేయకుండా గమనిస్తూ వచ్చిన స్త్రీలపై అధ్యయనాలన్నీ కలిపి 2018లో చూస్తే, రెండేళ్లలో సగం మందిలో అది తగ్గిపోయింది, సుమారు 18 శాతం మందిలో ముదిరింది. అందుకని ఇంకా పిల్లలు కావాలనుకునే చిన్న వయసువారిలో ఆరు నెలలకోసారి కాల్పోస్కోపీతో గమనించవచ్చు. మిగతావారికి చికిత్స చేస్తారు.

సీఐఎన్ 3ని వదిలేస్తే ఏమవుతుందో వైద్యానికి కచ్చితంగా తెలుసు. తెలిసిన తీరు మాత్రం తలదించుకోవాల్సినది. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ నగరపు నేషనల్ విమెన్స్ హాస్పిటల్‌లో హెర్బర్ట్ గ్రీన్ అనే ప్రొఫెసర్ ఈ మార్పు క్యాన్సర్‌గా ముదరదని నమ్మాడు. 1966 నుంచి కొందరు స్త్రీలకు సరైన చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ పోయాడు. వాళ్లకు ఆ సంగతి చెప్పలేదు. సాండ్రా కోనీ, ఫిలిడా బంకల్ 1987లో ‘మెట్రో’ పత్రికలో రాసిన వ్యాసంతో వ్యవహారం బయటపడింది. జడ్జి సిల్వియా కార్ట్‌రైట్ విచారణ జరిపి 1988లో నివేదిక ఇచ్చారు. ఆ ఆస్పత్రి రికార్డులను తిరగేసి 2008లో లెక్క కట్టారు. చికిత్స సరిగా అందని వారిలో 30 ఏళ్లలో 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. సరైన చికిత్స అందినవారిలో ఒక్క శాతం కూడా రాలేదు. సీఐఎన్ 3 తేలాక ఎదురుచూద్దాం అనే మాట ఎందుకు ఉండదో ఈ రెండు అంకెలు చెబుతాయి. ఆ 31 శాతానికి ఇంకో వైపూ ఉంది. చికిత్స లేకపోయినా మూడు వంతుల్లో రెండు వంతుల మందికి ముప్పై ఏళ్లలో క్యాన్సర్ రాలేదు. అంటే సీఐఎన్ 3 రాత్రికి రాత్రి ఆపరేషన్ చేయాల్సిన అత్యవసరం కాదు. కొద్ది వారాల్లో, అనుభవం ఉన్న చోట, సరిగ్గా చేయించుకోవాల్సిన చికిత్స.

చికిత్స, గర్భసంచి ఆపరేషన్

చికిత్స రెండు రకాలు. మార్పు వచ్చిన మచ్చ పూర్తిగా కనిపిస్తూ, కాలువలోకి పాకకుండా, ముఖద్వారంలో ముప్పాతిక భాగం మించకుండా, క్యాన్సర్ అనుమానం లేకుండా ఉంటే ఆ చోటును చల్లదనంతోనో వేడితోనో మాడ్చేయవచ్చు. క్రయోథెరపీలో గ్యాస్‌తో గడ్డకట్టిస్తారు. థర్మల్ అబ్లేషన్‌లో 100 డిగ్రీల వేడి చేసిన మొనను 20 నుంచి 30 సెకన్లు ఆనిస్తారు. రెండూ అవుట్‌పేషెంటుగా అయిపోయేవే. వీఐఏ పాజిటివ్ వచ్చినవారికి అదే రోజున ఇలా చికిత్స చేసి పంపే పద్ధతీ ఉంది. మళ్లీ రమ్మంటే రాలేని దూరాలున్న చోట అదే మేలు. మచ్చ పెద్దదైనా, లోపలికి పాకినా లీప్ చేస్తారు. సన్నని కరెంటు తీగ ఉచ్చుతో పరివర్తన మండలాన్ని చెక్కి తీసేయడం ఇది. మాడ్చినప్పుడు చూసుకోవడానికి ఏమీ మిగలదు. లీప్‌లో తీసిన ముక్క ల్యాబుకు వెళ్తుంది, అంచుల దాకా మార్పు ఉందా, లోపల క్యాన్సర్ దాగుందా తెలుస్తుంది. తర్వాత కొన్ని వారాలు నీళ్లలాంటి స్రావం, అప్పుడప్పుడు రక్తపు చారలు మామూలే. నాలుగు వారాలైనా దాంపత్యానికి దూరంగా ఉండాలి. జ్వరం, చెడు వాసన, ముట్టుకన్నా ఎక్కువ రక్తం కనిపిస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. లీప్ అయినవారికి గర్భం నిలుస్తుంది, కాన్పు మాత్రం నెలలు నిండకముందే అయ్యే ముప్పు కొంచెం పెరుగుతుంది. తర్వాతి గర్భంలో ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

సీఐఎన్‌కు గర్భసంచి తీసేయడం మొదటి చికిత్స కాదు. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద మూడు శాతం చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎనిమిది శాతం దాటారని 2019–21 నాటి అదే కుటుంబ ఆరోగ్య సర్వే చూపింది. ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకా దేనికి, ఉంచితే క్యాన్సర్ అవుతుంది’ అన్న మాట ఈ ఊళ్లలో కొత్త కాదు. తెల్లబట్టకూ, ఇన్‌ఫ్లమేటరీ స్మియర్‌కూ, ముఖద్వారం మీద ఎర్రగా కనిపించే సాధారణ మార్పుకూ ఆ మాట చెల్లదు. ముక్క పరీక్ష లేకుండా తీయించడంలో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. లోపల నిజంగానే చొరబడిన క్యాన్సర్ ఉంటే దానికి చేయాల్సిన ఆపరేషన్ వేరు, చుట్టూ కణజాలం, గ్రంథులు కూడా తీయాలి. దశను బట్టి ఆపరేషన్ కాకుండా రేడియేషన్ ఇవ్వాల్సి రావచ్చు. మామూలు ఆపరేషన్‌తో క్యాన్సర్ మధ్యలోంచి కోసేస్తే ఆ తర్వాతి వైద్యం చిక్కుల్లో పడుతుంది. ఆపరేషన్ అన్న డాక్టరును ‘బయాప్సీలో ఏం వచ్చింది?’ అని అడగడం ఏ రోగికైనా హక్కు. ఇంకో అభిప్రాయం కావాలంటే హైదరాబాద్‌లో ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి.

గర్భిణికి తేడా ఉన్న ఫలితం వస్తే కాల్పోస్కోపీ చేయవచ్చు. క్యాన్సర్ అనుమానం లేకపోతే చికిత్సను కాన్పు తర్వాతికి వాయిదా వేస్తారు. కలయిక తర్వాత రక్తం కనిపించినా, ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపించినా, ముఖద్వారం మీద గడ్డ కంటికే కనబడుతున్నా స్క్రీనింగ్ దారి వర్తించదు. పాప్ నార్మల్ అని వచ్చినా నేరుగా ముక్క పరీక్షే చేయాలి.

చికిత్స తర్వాత

చికిత్సతో పని ముగిసిపోదు. పదిమందిలో ఒకరిద్దరికి మార్పు మిగిలిపోవచ్చు, మళ్లీ రావచ్చు. అమెరికా మార్గదర్శకాల్లో చికిత్స అయిన ఆరు నెలలకు హెచ్‌పీవీ పరీక్ష ఉంటుంది. ఆ తర్వాత ఏడాదికోసారి, వరుసగా మూడు నెగెటివ్‌లు వచ్చాక మూడేళ్లకోసారి, కనీసం 25 ఏళ్ల పాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి పరీక్షించమంటుంది. వైరస్ పోయిందని తేలడమే చికిత్స ఫలించిందనడానికి మంచి గుర్తు, లీప్ ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయన్న దానికన్నా నమ్మదగ్గది.

ఫైబ్రాయిడ్ల వంటి కారణాలతో ముఖద్వారంతో సహా గర్భసంచి తీసేసినవారికి, అంతకుముందు సీఐఎన్ 2, 3 చరిత్ర లేకపోతే ఈ పరీక్షలు ఇక అక్కర్లేదు. ఆ చరిత్ర ఉన్నవారిలో వైరస్ యోని పైకొనలోనూ ఉండిపోవచ్చు కనుక అక్కడి నుంచి నమూనా తీసి పరీక్షలు కొనసాగించాలి. ముఖద్వారాన్ని ఉంచి గర్భసంచి మాత్రమే తీసే ఆపరేషన్లూ ఉన్నాయి. వాళ్లకు స్క్రీనింగ్ మామూలుగానే సాగుతుంది. ఏది తీశారో, ఎందుకు తీశారో, ల్యాబు ఏం చెప్పిందో డిశ్చార్జి సమ్మరీలోనూ బయాప్సీ రిపోర్టులోనూ ఉంటుంది. తర్వాతి డాక్టరు ముందుగా అడిగేది ఆ రెండు కాగితాలే.